లీడ్ డెవలపర్ అంటే అసలు ఏం పని? సోమవారంలోగా చెప్పమన్నారు

నల్లగండ్ల_బ్యాకెండ్:

అందరికీ నమస్తే. నాది ఆరేళ్ల అనుభవం. పైథాన్, జాంగో ఫ్రేమ్‌వర్క్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద బ్యాకెండ్ పని, అంటే యూజర్‌కి కనిపించని సర్వర్ వైపు పని. హైదరాబాద్‌లోనే ఒక మధ్యరకం కంపెనీ, సగం సొంత ప్రొడక్ట్, సగం క్లయింట్ పని. మొన్న గురువారం మా మేనేజర్ గారు రూమ్‌లోకి పిలిచి "వచ్చే నెల నుంచి నువ్వే లీడ్ డెవలపర్, టీమ్‌లో ఐదుగురు ఉంటారు, ఆలోచించుకుని సోమవారం చెప్పు" అన్నారు. జీతం సంగతి అడిగితే ఏప్రిల్ అప్రైజల్‌లో చూద్దాం అన్నారు. సరే, పని ఏంటండీ అని అడిగితే "ఇప్పుడు చేస్తున్నదే, కాస్త ఓనర్‌షిప్ ఎక్కువ, అంతే" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి సరిగ్గా నిద్ర పట్టడం లేదు, ఎందుకంటే దేనికి ఓనర్‌నో ఎవరూ చెప్పలేదు.

నాకు దగ్గరగా తెలిసిన లీడ్‌లు ముగ్గురున్నారు. ఒకావిడ పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిది దాకా కాల్స్‌లోనే ఉంటారు, కోడ్ ముట్టుకుని ఏడాది దాటిందని ఆవిడే చెప్పారు. ఇంకొకాయన కష్టమైన కోడ్ అంతా తనే రాసేస్తారు, ఆయన టీమ్‌లో మిగతావాళ్లకి మిగిలేది టెస్టులూ చిన్న చిన్న మార్పులూ. మూడో ఆయన జిరా అనే టూల్‌లో టికెట్లు, అంటే పనులు, పంచుతారు, సాయంత్రం స్టేటస్ అడుగుతారు. ముగ్గురి మెయిల్ సంతకం కిందా ఒకటే మాట, లీడ్ డెవలపర్. ఇందులో నేను ఏది అవ్వబోతున్నాను?

ఇంకొకటి ఉంది, అసలు బాధ అదే. టీమ్‌లో నాకంటే మూడేళ్లు సీనియర్ ఒకాయన ఉన్నారు. నేను చేరిన కొత్తలో పేమెంట్స్ కోడ్ అంతా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించింది ఆయనే. ఇప్పటికీ ఆయన్ని గారు అనే పిలుస్తాను. రేపట్నుంచి ఆయన కోడ్‌కి నేను రివ్యూ చేసి "ఇది మార్చండి" అనాలి. నోరు వస్తుందా అని భయం. ఆయనకి ఈ విషయం తెలుసో లేదో కూడా తెలియదు.

ఇంట్లో నాన్న అయితే ప్రమోషన్ వస్తే ఆలోచించేదేముంది అంటున్నారు. దయచేసి ఈ పని చేసినవాళ్లు చెప్పండి, అసలు రోజంతా ఏం చేస్తారు, ఒప్పుకునే ముందు నేను ఏం అడగాలి.

పాత_మెయిన్‌ఫ్రేమ్:

అమ్మా, నేను ఇరవై ఏళ్ల పైన సర్వీస్ కంపెనీల్లో ఉన్నాను, ముందు అక్కడి సంగతి చెబుతాను. మీ కంపెనీలో సగం క్లయింట్ పని అన్నావు కాబట్టి ఇది నీకు పనికొస్తుంది.

క్లయింట్ పనిలో డెసిగ్నేషన్ అంటే చాలాసార్లు రేట్ కార్డులో ఒక గడి. డెవలపర్‌కి గంటకి ఒక రేటు, సీనియర్‌కి ఒక రేటు, లీడ్‌కి ఇంకో రేటు. ప్రపోజల్‌లో "ఒక లీడ్, ఐదుగురు డెవలపర్లు" అని రాశాక ఆ గడిలో ఒక మనిషిని చూపించాలి. అలా పడినవాళ్లని నేను చాలామందిని చూశాను, నేనూ ఒకసారి అలాగే పడ్డాను. అది మోసమని అనను, అలాంటి చోట కూడా మంచి లీడ్‌లు తయారయ్యారు. కానీ నిన్ను ఎందుకు లీడ్ చేస్తున్నారో నీకు తెలిసి ఉండాలి. పని నిన్ను పిలిచిందా, ఖాళీ గడి పిలిచిందా?

అందుకని మొదటి ప్రశ్న ఇది అడుగు: హెచ్‌ఆర్ సిస్టమ్‌లో నా డెసిగ్నేషన్ మారుతుందా, లేక క్లయింట్ ముందు మాత్రమే లీడ్‌నా? ఇది చిన్న విషయం అనుకోకు. రేపు నువ్వు ఉద్యోగం మారినప్పుడు రెజ్యూమెలో లీడ్ అని రాస్తావు, రిలీవింగ్ లెటర్‌లో సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అని ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. పని నిజంగా చేసి కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. మా టీమ్‌లో ఒకమ్మాయికి చేతిలో ఆఫర్ లెటర్ ఉండి కూడా మూడు వారాలు ఈ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. మెయిల్ మీద రెండు లైన్లు రాయించుకో, చాలు. మన వాళ్లకి అలా అడగడం మొహమాటం, మొహమాటపడొద్దు.

ఇంకోటి. ఈ లీడ్ అనే పని నిన్న మొన్న పుట్టింది కాదు. 1970ల మొదట్లోనే ఐబీఎంలో హార్లన్ మిల్స్ చీఫ్ ప్రోగ్రామర్ టీమ్ అనే పద్ధతి తెచ్చారు, న్యూయార్క్ టైమ్స్ పాత వార్తల క్లిప్పింగులు వెతికే సిస్టమ్‌ని ఆ పద్ధతిలోనే కట్టారు. అందులో చీఫ్ ముఖ్యమైన కోడ్ స్వయంగా రాస్తాడు. పక్కనే బ్యాకప్ ప్రోగ్రామర్ అని ఒకడు ఉంటాడు, చీఫ్ ఏం ఆలోచిస్తున్నాడో అతనికి మొత్తం తెలుసు, చీఫ్ లేకపోతే పని అతను నడిపిస్తాడు. కాగితాలు, ప్రోగ్రామ్‌ల కాపీలు చూసుకోవడానికి ఒక లైబ్రేరియన్. ఈ రోజుల్లో లైబ్రేరియన్ పని, కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే గిట్ చూసుకుంటోంది, చీఫ్ పేరు లీడ్ అయింది. ఆ బ్యాకప్ మనిషిని మాత్రం అందరూ మర్చిపోయారు. నువ్వు అడగాల్సిన రెండో ప్రశ్న అదే, నేను పది రోజులు లీవ్ పెడితే ఎవరు? దానికి జవాబు లేకపోతే ఇంట్లో పెళ్లికి వెళ్లినా ల్యాప్‌టాప్ సంచి భుజానే ఉంటుంది.

శుక్రవారం_డిప్లాయ్:

పై పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ప్రొడక్ట్ కంపెనీలో నాలుగేళ్లుగా లీడ్‌ని, నాకు ఈ పని అంటే ఏంటో అర్థమైన రోజు ఒకటి చెబుతానండి, నిర్వచనాలకంటే అది నయం.

మా ఆర్డర్స్ టేబుల్‌లో నాలుగు కోట్ల పైచిలుకు వరుసలున్నాయి. రిపోర్ట్ పేజీ నెమ్మదిగా వస్తోందని రెండేళ్ల అనుభవం ఉన్న కుర్రాడు ఒక ఇండెక్స్, అంటే టేబుల్‌లో త్వరగా వెతకడానికి కట్టే సూచిక, కలిపాడు. మోడల్ ఫైల్‌లో ఒక లైను, దాంతో పాటు జాంగో తయారుచేసిన మైగ్రేషన్, అంటే డేటాబేస్‌లో ఆ మార్పు చేసే ఫైల్. నేను చూశాను, బాగుంది అనుకున్నాను, అప్రూవ్ కొట్టాను. శుక్రవారం మధ్యాహ్నం డిప్లాయ్ అయింది. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా ఇండెక్స్ కట్టడం మొదలైతే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లో చదవడం నడుస్తుంది, రాయడం మాత్రం ఆగిపోతుంది. అందుకే సైట్ తెరుచుకుంటోంది, పేజీలు వస్తున్నాయి, డాష్‌బోర్డ్ అంతా పచ్చగానే ఉంది, కొత్త ఆర్డర్ మాత్రం ఒక్కటీ పడటం లేదు. సపోర్ట్ వాళ్లు ఫోన్ చేస్తే తప్ప మాకు తెలియలేదు. మొత్తం పదకొండు నిమిషాలు.

జాంగో మీద పనిచేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి, పెద్ద టేబుల్ మీద కాన్‌కరెంట్లీ అని చెప్పి, అంటే రాయడం ఆపకుండా, ఇండెక్స్ కట్టాలి. అది ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు అనే కట్ట) లోపల నడవదు, జాంగో ఏమో మైగ్రేషన్‌ని మామూలుగా ట్రాన్సాక్షన్‌లోనే నడుపుతుంది, కాబట్టి ఆ మైగ్రేషన్‌లో అటామిక్‌ని ఫాల్స్ చేసి, జాంగోలో దానికోసమే ఉన్న యాడ్ ఇండెక్స్ కాన్‌కరెంట్లీ వాడాలి. మధ్యలో ఫెయిలైతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని తీసేసి మళ్లీ కట్టాలి. ఇవన్నీ నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఆ రోజు రివ్యూలో కనిపించలేదు, ఎందుకంటే రెండు మీటింగుల మధ్య నాలుగు నిమిషాల్లో చూశాను.

కాల్‌లో పైవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న "ఎవరు చేశారు?" ఆ కుర్రాడు మ్యూట్‌లో ఉన్నాడు, స్క్రీన్ మీద అతని పేరు పక్కన మైక్ గుర్తు అన్‌మ్యూట్ అవడం, మళ్లీ మ్యూట్ అవడం నాకు కనిపిస్తోంది. "అప్రూవ్ చేసింది నేను, కారణం ఇది, సాయంత్రానికి రాతపూర్వకంగా పంపిస్తాను" అన్నాను. ఆ ఒక్క మాటతో కాల్ దారి మారింది. ఎవరు అన్న ప్రశ్న పోయి, ఎలా జరిగింది అన్న ప్రశ్న వచ్చింది.

నాకు అర్థమైన లీడ్ పని ఇదే. తర్వాత వారం ఏం చేశామంటే, పెద్ద టేబుళ్ల పేర్లు ఒక ఫైల్‌లో పెట్టాం, వాటి మీద మామూలు ఇండెక్స్ కలిపే మైగ్రేషన్ వస్తే సీఐలోనే, అంటే కోడ్ పంపగానే తనంతట తానే పరీక్షించే సిస్టమ్‌లోనే, బిల్డ్ ఫెయిల్ అయ్యేలా చిన్న చెక్ రాశాం. ఆ చెక్ రాసింది ఆ కుర్రాడే, నేను రాయలేదు. రాయాలని చెయ్యి లాగింది, ఆపుకున్నాను. నేను రాస్తే గంట, అతను రాస్తే రెండు రోజులు, కానీ ఇప్పుడు మా ఆఫీసులో మైగ్రేషన్ల గురించి ఎవరికి అనుమానం వచ్చినా అతని దగ్గరికే వెళ్తున్నారు.

రోజంతా ఏం చేస్తారు అని అడిగారు కాబట్టి, నా రోజులో కోడ్ రాసేది సగానికి తక్కువే. మిగతాది రివ్యూలు, టికెట్ రాయకముందు ప్రొడక్ట్ వాళ్లతో "ఇది నిజంగా కావాలా, ఎంతమందికి" అని మాట్లాడటం, ఎస్టిమేట్ అడిగితే ధైర్యంగా మూడు వారాలు అని చెప్పి ఆ మాట మీద నిలబడటం, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో అర పేజీ రాసి పెట్టడం. ఆ అర పేజీని తక్కువ చెయ్యకండి, ఆరు నెలల తర్వాత "ఈ క్యూ ఎందుకు పెట్టారు" అని కొత్తవాళ్లు అడిగితే నేను లేకపోయినా ఆ కాగితం చెబుతుంది. క్లిష్టమైన కోడ్, అందరూ ఎదురుచూసే కోడ్ మాత్రం నేను తీసుకోను. నేను మీటింగ్‌లో ఇరుక్కుంటే ఐదుగురి పని ఆగిపోతుంది కదా.

మీ మేనేజర్ గారిని ఒక్కటే అడగండి: ఏ నిర్ణయాలు నావి? రిలీజ్ ఆపే హక్కు నాకు ఉందా, ఎస్టిమేట్‌లో ఆఖరి మాట నాదా, ఇంటర్వ్యూలో వద్దు అంటే వద్దేనా. నిర్ణయాలు ఇంకొకరివి, తిట్లు మనవి అయితే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా చితికిపోతారు.

ఇర్వింగ్_నుంచి:

అమెరికా వైపు నుంచి రెండు మాటలు. ఇక్కడ చాలా కంపెనీల్లో లెవెల్ వేరు, పాత్ర వేరు. ఉదాహరణకి గూగుల్‌లో ఎల్5 అంటే సీనియర్, ఎల్6 అంటే స్టాఫ్, ఇవి జీతం లెవెల్స్. టెక్ లీడ్ అనేది ఆ మెట్లలో ఒకటి కాదు, ఒక ప్రాజెక్టుకి ఎవరో ఒకరు తీసుకునే పాత్ర. ప్రాజెక్టు అయిపోతే పాత్ర కూడా అయిపోవచ్చు, లెవెల్ ఎక్కడికీ పోదు. మన దగ్గర ఈ రెండూ కలిసిపోవడం వల్లే లీడ్ పని వదిలేస్తే పరువు పోయినట్టు ఫీలవుతారు.

రెండోది, మన వాళ్లకి ముఖ్యం. హెచ్1బీకి పెట్టే లేబర్ కండిషన్ అప్లికేషన్‌లో జీతానికి నాలుగు లెవెల్స్ ఉంటాయి, పక్కవాళ్ల పనిని పర్యవేక్షించే బాధ్యత ఉంటే లెవెల్ లెక్కలో సాధారణంగా ఒక పాయింట్ కలుస్తుంది. అందుకే ఇక్కడ లీడ్ అన్న మాట ఊరికే రాసుకునేది కాదు, రోల్ మారితే ముందు అటార్నీని అడగాలి. గ్రీన్‌కార్డ్ దాకా వెళ్తే పాత కంపెనీల నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అడుగుతారు, అందులో డెసిగ్నేషన్‌తో పాటు ఏం పని చేశారో కూడా రాసి ఉండాలి. మీరు ఇటు వచ్చినా రాకపోయినా, చేస్తున్న పని కాగితం మీద ఉండేలా చూసుకోండి. నా స్నేహితుడు పదేళ్ల కిందటి హైదరాబాద్ కంపెనీ నుంచి ఆ లెటర్ తెచ్చుకోవడానికి నాలుగు నెలలు తిరిగాడు.

మళ్లీ_కోడ్‌లోకి:

నేను కొంచెం వేరేగా చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. నేను రెండేళ్లు లీడ్‌గా చేసి, నా అంతట నేనే అడిగి మళ్లీ మామూలు సీనియర్ డెవలపర్‌గా వచ్చేశాను. పని రాక కాదు. నా టీమ్ హైదరాబాద్‌లో, క్లయింట్ అమెరికాలో. పగలంతా టీమ్‌తో, రాత్రి పదింటి దాకా క్లయింట్‌తో. పాప నిద్రపోయాక ఇంటికి రావడం, లేవకముందే కాల్‌లో కూర్చోవడం. రెండో ఏడాది చివర్లో ఒక రోజు ఎడిటర్ తెరిచి, నేను మూడు నెలల్లో రాసిన కోడ్ ఎంతో చూసుకుంటే, కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు మార్పులు. ఏడుపొచ్చింది. నాకు కోడ్ రాయడం ఇష్టం కాబట్టే ఈ ఫీల్డ్‌కి వచ్చాను.

వెనక్కి వస్తానంటే మేనేజర్ ఆశ్చర్యపోయారు, మా అత్తగారు అయితే "తీసేశారా అమ్మా" అని అడిగారు. తీసెయ్యలేదు అని చెప్పడానికి కొన్నాళ్లు పట్టింది. జీతం ఒక్క రూపాయి తగ్గలేదు. ఇప్పుడు మళ్లీ నిద్ర పడుతోంది.

వద్దని చెప్పడం లేదు. రాత్రి కాల్స్ వారానికి ఎన్ని అని అడుగు. ఆరు నెలలు చేసి చూస్తాను, నచ్చకపోతే పాత పనికి వస్తాను అని ముందే చెప్పి ఒప్పుకో. అది ముందు అడిగితే ఒప్పందం, ఆరు నెలల తర్వాత అడిగితే చేతకానితనం అనుకుంటారు.

ఆ సీనియర్ గారి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మేనేజర్ చెప్పకముందే నువ్వే వెళ్లి చెప్పు. వేరేవాళ్ల నోట వింటే ఆ మాట జీవితాంతం గుర్తుంటుంది. చాట్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. ఆయన కోడ్‌కి రివ్యూ రాసేటప్పుడు "ఇది మార్చండి" అనక్కర్లేదు, "ఇక్కడ రెండోసారి రిక్వెస్ట్ వస్తే ఏమవుతుందండీ" అని అడుగు. ఆయనకి తెలిస్తే నువ్వు నేర్చుకుంటావు, చూసుకోకపోతే ఆయనే మార్చుకుంటారు. గారు అనడం మానక్కర్లేదు, గారు అంటూనే తప్పు చూపించవచ్చు.

పాత_మెయిన్‌ఫ్రేమ్:

ఈ చివరి మాట బంగారం. నేను ఒకప్పుడు దాటవేయబడిన సీనియర్‌ని. నాకంటే చిన్నవాడు లీడ్ అయ్యాడని మెయిల్‌లో చదివి తెలుసుకున్నాను. అతను ఒక్కసారి వచ్చి మాట్లాడి ఉంటే నేను ఆ కంపెనీలోనే ఉండేవాణ్ని. ఆయనలో లోపమేదో ఉందని కూడా అనుకోకు అమ్మా, కొంతమందికి ఈ పని అక్కర్లేదు, అడగకుండా ఇస్తే ఇబ్బంది, అడగకుండా ఇవ్వకపోయినా బాధే.

నల్లగండ్ల_బ్యాకెండ్:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇవాళ ఏం జరిగిందో రాస్తున్నాను.

ముందు పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆఫీసు కింద టీ బండి దగ్గర నిలబడి విషయం చెప్పేశాను, నా గొంతు వణికింది. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అటు రోడ్డు వైపు చూశారు. తర్వాత "మొదట నన్నే అడిగారమ్మా, పోయిన నెల. నాకు కాల్స్ వద్దు, మా అమ్మకి ఆరోగ్యం బాలేదు, సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉండాలి అన్నాను. నీ పేరు చెప్పింది కూడా నేనే" అన్నారు. నాకు మాట రాలేదు. ఇన్ని రోజులు నేను ఊహించుకున్నది వేరు.

పాత_మెయిన్‌ఫ్రేమ్ గారూ, మీరు చెప్పిన బ్యాకప్ సంగతి ఆయనతోనే మాట్లాడాను. నేను లీవ్‌లో ఉంటే పగటిపూట ఆయన చూసుకుంటారు, రాత్రి కాల్ మాత్రం మేనేజర్ గారు తీసుకోవాలి అని ఇద్దరం అనుకున్నాం.

తర్వాత మేనేజర్ గారితో నలభై నిమిషాలు కూర్చున్నాను. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాను. హెచ్‌ఆర్ సిస్టమ్‌లో డెసిగ్నేషన్ వచ్చే నెల ఒకటో తారీఖు నుంచే మారుతుంది, మెయిల్ వచ్చింది, ఇప్పుడే చదివాను. రాత్రి కాల్స్ వారానికి రెండు మించవు, మూడోది వస్తే ఆయనే తీసుకుంటారు. ఆరు నెలల మాటకి ఒప్పుకున్నారు, కాకపోతే దాన్ని మెయిల్‌లో పెట్టడానికి కొంచెం నసిగారు, నేనే మీటింగ్ నోట్స్‌లో రాసి పంపించాను, సరే అని జవాబిచ్చారు. రిలీజ్ ఆపే హక్కు ఇచ్చారు. ఎస్టిమేట్‌లో ఆఖరి మాట మాత్రం ఇవ్వలేదు, క్లయింట్ పనికి అది సేల్స్ వాళ్లతో కలిసి తేల్చాలి అన్నారు. అది నాకు నచ్చలేదు, నచ్చలేదనే చెప్పాను. మూడు నెలలు చూసి మళ్లీ మాట్లాడదాం అన్నారు. జీతం ఏప్రిల్‌లోనే.

ఒప్పుకున్నాను. శుక్రవారం_డిప్లాయ్ గారూ, మా దగ్గర కూడా పెద్ద టేబుళ్లు మూడున్నాయి, మధ్యాహ్నం వెళ్లి పాత మైగ్రేషన్లు చూస్తే రెండు మామూలు ఇండెక్సులు వచ్చే రిలీజ్ కోసం క్యూలో ఉన్నాయి. ఒకటి నేను రాసిందే. రెండూ ఆపాను. ఆ సీఐ చెక్ మీరు ఎలా రాశారో, ఫైల్ పేర్లు తీసేసి అయినా సరే, వీలైతే ఇక్కడ పెడతారా? మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి ఆ పని ఇద్దామనుకుంటున్నాను.